ఇనుప ఇంట్లో గుంట మగ్గం

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. “మేడమ్, ఎండాకాలం లోపల ఉడకదా?”

ఉడుకుతుంది. ఎందుకు ఉడకదు? రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. అలాంటి ఎండలో ఇనుప డబ్బాను నడి మైదానంలో పెట్టి, నాలుగు రంగులు పూసి, అందులో మనిషిని కూర్చోబెడితే ఉడకక ఏమవుతుంది? ఉడకకుండా చేయడమే మన పని. అది చేసే ఓపిక లేనివాళ్లు ఈ యార్డు గేటు దాటి లోపలికి రావొద్దు. బయట బోలెడు ఉద్యోగాలున్నాయి.

కొంచెం కోపంగానే మొదలుపెట్టాను. ఏం చేయను, నా తీరే అంత. మా యార్డు యజమాని సార్ కూడా “మేడమ్‌తోని పొద్దుగాల మాట్లాడద్దు, చాయ్ తాగినంకనే మాట్లాడాలె” అని కుర్రాళ్లకు చెప్పేవాడు.

ఓడల మీద సరుకు మోసి మోసి పాతబడ్డ పెద్ద ఇనుప పెట్టెలే కంటైనర్లు. హైవే మీద ట్రెయిలర్ లారీల వెనక చూసే ఉంటారు. వాటిని కొని తెచ్చి, కోసి, తలుపులూ కిటికీలూ పెట్టి, వేడి రాకుండా లోపల పొరలు వేసి, మనుషులుండే ఇళ్లుగా మార్చే యార్డు ఒకటి వరంగల్ ఊరి బయట ఉంది. అందులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. అంతకుముందు చాలాకాలం బిల్డింగ్ కాంట్రాక్టర్ల దగ్గర సైటు పని చూశాను. అందుకని నాకు ఇటుక ఇల్లూ తెలుసు, ఇనుప ఇల్లూ తెలుసు. దేని మీదా మోజు లేదు, పగా లేదు.

ఎప్పుడు ఏ హోదాలోకి వచ్చానో, ఎవరు శాలువా కప్పారో ఇక్కడ రాయను. అవి చదివి ఎవరూ ఇల్లు కట్టలేరు. ఈ పని నాకు ఏం నేర్పిందో అది రాస్తాను.

గోడకు దూపైతాందా

బిల్డింగ్ పనిలో ఉన్న రోజుల్లో మరిపెడ దిక్కు నుంచి వచ్చే ఇసుక లారీలను నేనే నిలబడి దింపించుకునేదాన్ని. స్లాబు వేసే రోజు ఎంత ఇసుక, ఎంత సిమెంటు, ఎన్ని ట్యాంకర్ల నీళ్లు మింగుతుందో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. స్లాబు అయ్యాక కూడా ఊరుకోదు. గోడలకు రోజూ నీళ్లు కొట్టాలి, లేకపోతే పగుళ్లు వస్తాయి.

ఒక ఎండాకాలం హన్మకొండలో ఒక సైటు దగ్గర మా మనిషి పైపు పట్టుకుని గోడను తడుపుతున్నాడు. పక్క గల్లీలో నల్లా రాక ఆడవాళ్లు బిందెలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒక ముసలామె లేచి నా దగ్గరికి వచ్చింది. “గోడకు దూపైతాందా బిడ్డా? మాకు గుడ అయితాంది,” అంది. నేను పైపు ఆపించి వాళ్ల బిందెలు నింపించాను. ఆ ఒక్క రోజుకే నింపించగలిగాను. మర్నాడు గోడకు మళ్లీ నీళ్లు కావాలి కదా.

కంటైనర్ ఇంట్లో నాకు నచ్చిన మొదటి సంగతి అదే. దానికి దాహం తక్కువ. గోడలు, కప్పు, నేల ముందే తయారై ఉన్నాయి. కింద నిలబెట్టడానికి దిమ్మెలు కట్టేంత సిమెంటు, ఇసుక చాలు. యార్డులోనే పని చాలామటుకు అయిపోతుంది కాబట్టి సైటులో దుమ్ము, చెత్త, చప్పుడు ఉండవు. తుక్కు కింద పోయి మళ్లీ కొలిమిలో కరగాల్సిన ఇనుము, కరగకుండానే ఇంకో కాలం బతుకుతుంది.

రెండో సంగతి నేల. నెక్కొండ దగ్గర యాదగిరి అని ఒక మిర్చి రైతు ఉండేవాడు. అతని చేను నల్లరేగడి. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు బారుతుంది. పైన కట్టిన ఇటుక గోడ ఏ ఏడాదికాయేడు చీలుతుంది. పొలం దగ్గర యాదగిరి కట్టిన గది రెండుసార్లు చీలింది. మూడోసారి మా దగ్గరికి వచ్చాడు. మేం నాలుగు మూలలా దిమ్మెలు కట్టి కంటైనర్ కూర్చోబెట్టాం. నేల కాస్త కదిలితే దిమ్మె మీద ఇనుప పలక పెట్టి మట్టం సరిచేసుకోవచ్చు. కొన్నాళ్లకు అన్నదమ్ములు భూమి పంచుకుంటే ఇల్లున్న ముక్క తమ్ముడి వాటాకు పోయింది. యాదగిరి క్రేన్ తెప్పించి ఇంటిని ఎత్తుకుని తన వాటాలో పెట్టుకున్నాడు. తమ్ముడు దిమ్మెలు తవ్వేసి ఆ జాగాలో ఆ ఏడే పత్తి పెట్టాడు. ఇల్లు లేచిపోయాక నేల మళ్లీ చేను కావడం నేను అప్పుడే చూశాను.

ఇంత చెప్పాక ఒక మాట కూడా చెప్పాలి. కొందరు ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చిన కొత్త కంటైనర్ కొని, ఇల్లు చేయించుకుని, పర్యావరణం కోసం చేశామంటారు. అది కొత్త చీర చింపి బొంత కుట్టుకున్నట్టు. బొంత పాత చీరలతో కుడితేనే దానికి అర్థం.

హసన్‌పర్తి అద్దాల ఇల్లు

మా యార్డు యజమాని సాంబయ్య సార్. ట్రాక్టర్ ట్రాలీలు వెల్డింగ్ చేసే షాపుతో మొదలుపెట్టిన మనిషి. చేతిలో పని ఉంది, గుండెలో ధైర్యం ఉంది, నోట్లో కాదు అనే మాట మాత్రం లేదు. కస్టమర్ ఏం అడిగినా “అయితది” అంటాడు. నేను “కాదు” అంటాను. మా ఇద్దరి మధ్య యార్డు అట్లా నడిచింది.

హసన్‌పర్తి చెరువు దిక్కు ఒక లెక్చరర్ జాగా కొన్నాడు. ఫోన్‌లో ఏదో వీడియో చూశాడు. ఆ వీడియోలో ఇల్లు మంచు కురిసే దేశంలో ఉంది. ఒక పక్క గోడ మొత్తం అద్దమే. అది చూపించి, “పడమటి దిక్కు చెరువు కనపడాలె, మొత్తం అద్దం పెట్టుండ్రి,” అన్నాడు.

“పడమటెండ సార్, కాలిపోతది,” అన్నాను.

“ఏసీ పెడుతున్నాం కదా మేడమ్!”

సాంబయ్య సార్ మధ్యలో వచ్చి “అయితది సార్, అయితది,” అన్నాడు. అయింది. గోడ కోసినందుకు బలం పోకుండా చుట్టూ ఇనుప ఫ్రేము కూడా వేశాం. కంటైనర్ బలమంతా మూలల్లో, ముడతల గోడల్లో ఉంటుంది. గోడ తీసేస్తే అగ్గిపెట్టె అరలా వంగిపోతుంది. ఇది మర్చిపోకండి.

ఏప్రిల్‌లో చూడటానికి వెళ్లాను. ఏసీ ఒకటి కాదు, రెండు తిరుగుతున్నాయి. అద్దానికి దుప్పటి కట్టి ఉంది. చెరువు ఏ మూల నుంచీ కనపడటం లేదు. లెక్చరర్ వాళ్లమ్మ బయట వేపచెట్టు కింద మంచం వేసుకుని కూర్చుంది. “ఇల్లు గమ్మతుగ ఉన్నది గని, ఉండేటందుకు చెట్టే మంచిగున్నది,” అంది. లెక్చరర్ మొహం చిన్నబోయింది. నాకు సాంబయ్య సార్ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. రెండు ఏసీలు తాగే కరెంటుకు ఇక మిగిలిన మేలంతా గంగలో కలిసినట్టే.

తర్వాత అద్దం చాలామటుకు తీసి గోడ పెట్టాం. ఇంటి మీద, చెయ్యి పట్టేంత ఎడంలో రెండో కప్పు వేశాం. ఆ ఎడంలోంచి గాలి ఆడుతుంది, పై కప్పు కాలినా కింది కప్పు కాలదు. ఎదురెదురు కిటికీలు పెట్టాం. పడమటి గోడకు పందిరి వేసి బీర తీగ పాకించమన్నాను. మరుసటి ఎండాకాలానికి ఒక ఏసీ అమ్మేశారు. అప్పటి నుంచి మా యార్డులో ఒక పద్ధతి వచ్చింది. గీత గీయకముందు ఆ జాగాకు వెళ్లి, పగటెండలో కాసేపు నిలబడి రావాలి. ఎటు నీడ, ఎటు గాలి అన్నది కాగితం మీద తెలియదు.

కొమురయ్య, భాగ్యమ్మ

నా సర్వీసులో అన్నిటికన్నా ఎక్కువ నేర్పిన పని వరంగల్‌లో ఒక నేతకారుల గల్లీలో జరిగింది.

కొమురయ్య చేనేత కార్మికుడు. దుప్పట్లు నేసేవాడు. భార్య భాగ్యమ్మ కండెలకు నూలు చుట్టేది, నిలువు పోగుల పడుగు సరిచేసేది. వాళ్లది పాత మట్టిగోడల పెంకుటిల్లు. ఆ గల్లీ పల్లంలో ఉంటుంది. గట్టి వాన పడితే పిక్కలెత్తు నీళ్లు వస్తాయి. అతనిది గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి దాని మీద మగ్గం బిగిస్తారు, నేసే మనిషి గట్టు మీద కూర్చుని కాళ్లు గుంటలోకి వేలాడేస్తాడు. నీళ్లు వస్తే ముందు నిండేది ఆ గుంటే. ఒక వానాకాలం గుంట నిండింది, వెనక గోడ నాని మగ్గం పక్కనే కూలింది. మగ్గం కట్టెలు దక్కాయి. మనుషులూ దక్కారు. ఇల్లు దక్కలేదు. బంధువుల అరుగు మీద ఉంటున్నారు.

కొమురయ్య చిన్నవయసులోనే ముంబై దగ్గరి భివండి వెళ్లి పవర్‌లూమ్ షెడ్లలో చాలా ఏళ్లు చేశాడు. పగలంతా ఆ మగ్గాల చప్పుడులో ఉండి చెవులు పోగొట్టుకున్నాడు. పూర్తిగా కాదు, గట్టిగా అరిస్తే వినపడుతుంది. దవాఖానలో డాక్టర్ ఇక ఆ షెడ్లోకి పోతే ఉన్న వినికిడి కూడా పోతుందని చెప్పాడు. అందుకే తిరిగి వచ్చి చేతిమగ్గం పెట్టుకున్నాడు. ఇప్పుడు ఇల్లు కూలి మగ్గం ఆగేసరికి భివండి మేస్త్రి మళ్లీ ఫోన్లు మొదలుపెట్టాడు. రా, పని ఉంది అని. కొమురయ్య సంచి సర్దుకున్నాడు కూడా.

భాగ్యమ్మ మా యార్డుకు వచ్చింది ఆ సంచి చూసే. ఆమె సాంబయ్య సార్‌కు దూరపు చుట్టం. “అన్నా, వారం పది రోజులల్ల మాకు నిలబడే ఇల్లొకటి కావాలె. మట్టితోని కట్టుకుంట కూసుంటె ఈయన పోతాండు. పోతె ఈసారి చెవులుండయి, మనిషి గుడ సగమే అస్తడు,” అంది.

యార్డులో ఒక రోడ్డు పనివాళ్లు ఆఫీసుగా వాడి వదిలేసిన రెండు చిన్న కంటైనర్లు ఉన్నాయి. సార్ వాటిని చూపించాడు. లెక్కల సంగతి వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు, అది నాకు అక్కర్లేని విషయం. కొలతలకు సార్, నేను గల్లీకి వెళ్లాం. కొమురయ్య నన్ను కూలిన గోడ దగ్గరికి తీసుకుపోయి గుంట చూపించాడు. నిండా బురద.

“ఒక్కటే కోరిక అక్కా. ఈసారి నీళ్లు నా మగ్గాన్ని ముట్టద్దు. ఇల్లు ఎత్తు మీద పెడుతాన్రు కదా, మగ్గాన్ని గుడ ఇంట్ల ఎక్కియ్యిండ్రి.”

“ఇనుప నేలల గుంట ఎట్ల తమ్మీ?” అని అరిచి అడిగాను.

సాంబయ్య సార్ అప్పటికే నేల మీద సుద్దతో గీసేస్తున్నాడు. “అయితది మేడమ్. నేల కోద్దాం, కింద డబ్బా వెల్డింగ్ చేద్దాం, గదే గుంట.”

నిజంగానే అవుతుంది. ఇంజనీరింగ్ ప్రకారం అందులో తప్పు లేదు. కింది దూలాలు కోసిన చోట పక్కన కొత్తవి వేస్తే చాలు. కొమురయ్య మొహంలో ఆశ చూశాక కాదనడానికి నాకూ కారణం దొరకలేదు.

గడప

ఇల్లు వచ్చిన రోజు గల్లీ గల్లీ అంతా మేడల మీద ఉంది. ట్రెయిలర్ లోపలికి పట్టదు. క్రేన్ మెయిన్ రోడ్డు మీదే నిలబడి, లైన్‌మన్ కరెంటు ఆపాక, ఇళ్ల మీదుగా డబ్బాను ఎత్తి దింపింది. ఒకామె “ఓ అవ్వా, ఇల్లు ఎగురుకుంట అస్తాంది!” అని చప్పట్లు కొట్టింది. నడుమెత్తు దిమ్మెల మీద రెండు డబ్బాలు ఎదురెదురుగా కూర్చున్నాయి. వాటి మధ్య ఎడ్లబండి పట్టేంత ఎడం ఉంచి, రెండిటినీ కలిపి పైన ఒకే పెద్ద రేకుల కప్పు వేశాం. ఒక డబ్బాలో వంటిల్లు, పడక. ఇంకో డబ్బాలో మగ్గం. మధ్య ఎడంలో తర్వాత తడికల వసారా వేద్దామనుకున్నాం.

అంతా అయింది, పాలు పొంగించండి అన్నాను. భాగ్యమ్మ కదలలేదు.

“గడప ఏదక్కా?”

తలుపు కింద ఇనుప పట్టీ చూపించాను.

“గది పట్టీ. గడప కాదు. పసుపు దేనికి రాయాలె? లచ్చిమి ఎక్కడ నిలబడాలె? గడప లేంది గోదాము అయితది గని ఇల్లెట్లయితది?”

మామూలుగా ఇల్లు కట్టేటప్పుడు ద్వారబంధం ఎత్తే రోజు ఒక పండగ. గడప కింద నవధాన్యాలు వేసి, పసుపు కుంకుమలు పెట్టి, చుట్టాలను పిలిచి చేస్తారు. మా ఇల్లు తలుపులతో సహా లారీ ఎక్కి వస్తుంది. ఆ పండగను మేం తెలియకుండానే ఎగరగొట్టేశాం. కూలిన ఇంటి టేకు గడప వాన నీళ్లకు చెడలేదు. దాన్ని బయటికి తీయించి, మా వెల్డర్ అజీజ్‌తో పట్టీ కోయించి, బోల్టులతో బిగించాం. అజీజే పక్కింటి నుంచి పసుపు అడిగి తెచ్చాడు. ఆ తర్వాత మా యార్డు నుంచి పోయిన ప్రతి ఇంటికీ గడప జాగా ఖాళీగా ఉంచి పంపాను. అడిగినవాళ్లు పెట్టుకుంటారు. అడగనివాళ్లు ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు.

మగ్గం మోగింది

మగ్గం బిగించారు. కొమురయ్య స్నానం చేసి వచ్చి, మగ్గానికి దండం పెట్టి, ఇనుప గుంటలోకి కాళ్లు దించాడు. కిటికీ దగ్గర సాంబయ్య సార్, నేను, చుట్టుపక్కల ఆడవాళ్లు. పేక దారం మోసుకుని నాడె ఇటు నుంచి అటు పోయింది. కొమురయ్య మగ్గం పలకను తన వైపు లాగి ఆ పేకను కొట్టాడు.

డబ్బా మొత్తం ధన్‌మని మోగింది.

మట్టిలో ఉన్న మగ్గం కొడితే ఆ దెబ్బను నేల మింగేస్తుంది. బయట టక్ టక్ అని చిన్న చప్పుడే వస్తుంది. ఇనుము మింగదు. నేల, గోడ, కప్పు అన్నీ కలిసి తిరిగి కొడతాయి. కొమురయ్య ఆగలేదు, ఇంకొంతసేపు నేశాడు. ఒక్కో దెబ్బకు మా పళ్లు అదురుతున్నాయి. తర్వాత మెల్లగా లేచి, బయటికి వచ్చి, మెట్టు మీద కూర్చున్నాడు.

“ఏమైంది తమ్మీ?”

“భివండి లెక్కనే ఉన్నదక్కా.”

“నీకు వినపడదు కదా అంత?”

“చెవులల్ల కాదు, బొక్కలల్ల మోగుతాంది. కండ్లు మూసుకుంటె గా షెడ్లనే ఉన్నట్టున్నది.”

ఎముకల్లో మోగుతోందంటున్నాడు. ఆ మనిషి ఏ చప్పుడు నుంచి పారిపోయి వచ్చాడో, ఆ చప్పుడునే మేం అంత కష్టపడి వెల్డింగ్ చేసి తెచ్చి ఇంట్లో పెట్టాం. సాంబయ్య సార్ మర్నాడే రబ్బరు షీట్లు తెచ్చాడు. గోడలకు, నేలకు, మగ్గం కాళ్ల కింద అన్నిచోట్లా వేశాం. మోత కొంచెం తగ్గింది. అప్పుడు ఇంకోటి బయటపడింది. మధ్యాహ్నం అయ్యేసరికి పడుగు పోగులు పుటుక్కుమని తెగుతున్నాయి. మట్టి గుంటలోంచి సన్నగా చెమ్మ వచ్చి నూలును మెత్తగా ఉంచుతుంది. ఇనుప గుంటలో చెమ్మ ఎక్కడిది? భాగ్యమ్మ రోజంతా తెగిన పోగులు ముడివేస్తూ కూర్చుంది.

అదే వారం మేస్త్రి మళ్లీ ఫోన్ చేశాడు. కొమురయ్య ఫోన్ పెట్టేసి భార్యతో అన్న మాట నేను పక్కనే ఉండి విన్నాను. “ఇంట్ల గుడ గదే సప్పుడు అయినంక, గక్కడ కూసుంటె ఏంది, ఇక్కడ కూసుంటె ఏంది? గక్కడన్న పోగులు తెగితె మిషిన్ ఆగుతది.”

భాగ్యమ్మ ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఇంట్లోకి పోయి అన్నం కుండ దించి, అక్కడే నిలబడిపోయింది.

కూలిన గోడ

ఆ సాయంత్రం నేను ఇంటికి పోలేదు. ఆ మధ్య ఎడంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పైన నీడ, రెండు వైపుల నుంచి గాలి, కాళ్ల కింద నేల. మగ్గానికి కావాల్సిన జాగా అదే కదా అనిపించింది. చెబితే కొమురయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు.

“భూమిల పెడితె మళ్ల నీళ్లస్తయక్కా. నీళ్లు సూసినోణ్ని నేను.”

“నేల మీద వద్దు. నేలనే పైకి లేపుదాం,” అన్నాను. పక్కింటి గోడ మీద, వీళ్ల ఇల్లు కూల్చిన వరద ఎంతవరకు వచ్చిందో మరక ఉంది. ఆ మరక కన్నా గుంట అడుగు కూడా పైనే ఉండాలి. అంటే రెండు డబ్బాల మధ్య ఎడాన్ని నడుమెత్తు మట్టితో నింపాలి. మట్టి జారకుండా నాలుగు పక్కలా రాతి కట్టు కట్టాలి. అప్పుడు గడప దాటితే మగ్గం మట్టంలోనే ఉంటుంది, మెట్టు దిగే పని కూడా ఉండదు.

సాంబయ్య సార్ ఫోన్ తీశాడు. “మొరం లారీ చెప్పాల్నా మేడమ్?”

“మొరం ఎందుకన్నా?” అంది భాగ్యమ్మ. “ఇల్లు ఇల్లంత మట్టి పడి ఉన్నది కదా.”

వెనక కుప్పగా పడి ఉన్న వాళ్ల గోడలు. తాతల నాడు తొక్కి పెట్టిన మట్టి. దాన్ని ఎక్కడ పారబోయాలా అని మేం మున్సిపాలిటీ వాళ్లను కూడా అడిగి ఉన్నాం. తీసి, గడ్డలు కొట్టి, తడిపి, పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టాం. గల్లీలో సగం మంది వచ్చి తొక్కారు. ఆరాక కొమురయ్య తనే పార తీసుకుని గుంట తవ్వుకున్నాడు. ఎవరినీ తవ్వనివ్వలేదు. మగ్గం రెండోసారి బిగించారు. పలక కొడితే టక్ అంది, అంతే. గల్లీలో ఎవరూ తల తిప్పి చూడలేదు. ఖాళీ అయిన డబ్బాలో నూలు, నేసిన దుప్పట్లు పెట్టుకున్నారు. నూలు దాచడానికి పొడి జాగా కావాలి, నేయడానికి చెమ్మ కావాలి. రెండూ ఒకే ఇంట్లో ఒక గోడకు అటూ ఇటూ దొరికాయి. కోసిన నేల మళ్లీ అతుకుతూ అజీజ్ మాత్రం, “కోస్త, అతుకుత, కోస్త, అతుకుత. ఇగ నాకు వేరే పని లేదు,” అని గొణిగాడు.

ఇక్కడ చిన్నవాళ్లకు ఒక మాట. కంటైనర్ మంచిదా, మట్టి మంచిదా అని వాదించేవాళ్లు సభల్లో చాలామంది కనిపిస్తారు. వాళ్లకు దండం పెట్టి ముందుకు నడవండి. పాత ఇనుమును వాడినంత మాత్రాన ఇల్లు చల్లబడదు, పాత మట్టిని పూజించినంత మాత్రాన వరద ఆగదు. ఆ ఇంట్లో ఉండే మనిషి పగలంతా ఏం చేస్తాడో ముందు అడగండి. వంట చేస్తాడా, బట్టలు కుడుతుందా, పిల్లలకు చదువు చెబుతుందా, మగ్గం నేస్తాడా? పడుకోవడానికి ఎక్కడైనా పడుకుంటాడు. పని చేయడానికి మాత్రం దాని జాగా దానికి ఉండాలి. అది కుదరకపోతే ఎంత పచ్చని ఇల్లు కట్టినా తాళం వేసి ఊరు విడిచి పోతాడు.

వాన

మగ్గం నడుస్తున్నా కొమురయ్య సంచి విప్పలేదు. మేస్త్రికి “మొదటి పెద్దవాన సూసినంక చెప్త” అన్నాడట. భాగ్యమ్మ అది నాకు చెప్పి, “సంచి గోడకు తగిలిచ్చి ఉన్నదక్కా. పొద్దుగాల లేస్తె అదే కనవడుతది,” అంది. ఆ వేసవంతా నేను వాతావరణ వార్తలు చూసినంతగా ఇంకెప్పుడూ చూడలేదు. వాన రావాలని ఉంటుంది, వస్తే ఏమవుతుందోనని భయం.

వచ్చింది. రాత్రంతా కురిసి తెల్లవారేసరికి సన్నబడింది. సాంబయ్య సార్ జీపు తెచ్చి నన్ను ఎక్కించుకున్నాడు. గల్లీ మొదట్లోనే జీపు ఆపించి చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని నడిచాను. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. ఇళ్లల్లోంచి ఆడవాళ్లు చీపుర్లతో, చాటలతో నీళ్లు బయటికి తోస్తున్నారు.

కొమురయ్య ఇంటి కింద నుంచి నీళ్లు అటు నుంచి ఇటు పారుతున్నాయి. రాతి కట్టును తాకుతున్నాయి. పైకి ఎక్కి మగ్గం గుంటలో చెయ్యి పెట్టి చూశాను. చెమ్మగా ఉంది. నీళ్లు లేవు. సాంబయ్య సార్ కూడా వంగి చెయ్యి పెట్టాడు. నా వైపు చూశాడు గానీ ‘అయితది’ అనలేదు. ఆ మనిషి మాట్లాడకుండా ఉండటం నేను చూసింది ఆ ఒక్కసారే.

కొమురయ్య గట్టు మీద కూర్చుని ఉన్నాడు. చాయ్ గ్లాసు పక్కన చల్లారిపోయింది. నన్ను చూసి నవ్వలేదు, రమ్మనలేదు. గుంటలోకే చూస్తున్నాడు. అట్లా ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో భాగ్యమ్మకే తెలియాలి.

అప్పుడే ఫోన్ మోగింది. వానలు పడ్డ సంగతి భివండిలో కూడా తెలిసినట్టుంది. భాగ్యమ్మ ఫోన్ తీసి, అతనికి వినపడాలని స్పీకర్ పెట్టింది. ముందు మాట రాలేదు. షెడ్డులో మగ్గాల మోత వచ్చింది. దాని వెనక ఎక్కడో మేస్త్రి గొంతు. “కొమురయ్యా! వానొచ్చిందట కదా! ఎప్పుడు బయలెల్లుతానవ్?”

కొమురయ్యకు అర్థం కాలేదు. భార్య మొహం చూశాడు. ఆమె వంగి అతని చెవి దగ్గర, “ఎప్పుడస్తవని అడుగుతాండు,” అని చెప్పింది. చెప్పి అతని మొహం వైపు చూడకుండా మగ్గం కట్టెను పట్టుకుని నిలబడింది.

కొమురయ్య ఫోన్ తీసుకుని నోటి దగ్గర పెట్టుకున్నాడు.

“నేను రాను మేస్త్రీ. నా జాగల ఇంకొకణ్ని సూసుకో.”

అటు మోతలో మేస్త్రికి వినపడలేదు. “ఆఁ? ఏందీ?”

“రాను!” అని కొమురయ్య అరిచాడు. ఆ షెడ్డు మోత మీద వినపడేటట్టు గుండెలోంచి అరిచాడు. “రాను! ఇగ రానే రాను!”

గల్లీలో చీపుర్లు ఆగాయి. ఎదురింటామె చాట పట్టుకుని అట్లాగే నిలబడి చూస్తోంది. భాగ్యమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. “జర మెల్లగ. గల్లి మొత్తం ఇంటాంది,” అంది.

“ఇననియ్యే,” అన్నాడు కొమురయ్య.